అరిసె ఒక్క చేతి వంట కాదు

పండుగ నెల పట్టారంటే చాలు, గోదావరి డెల్టా పల్లెల్లో తెల్లవారుజామున రెండు చప్పుళ్లు వినిపించేవి. ఒకటి హరిదాసు చిడతల చప్పుడు. రెండోది రోకటి పోటు. హరిదాసు ఇప్పటికీ అక్కడక్కడ వస్తూనే ఉన్నాడు. రోకటి పోటు మాత్రం చాలా ఊళ్లలో ఆగిపోయింది. దాని స్థానంలో పిండిమర చప్పుడు వచ్చింది. మర ముందు తడిబియ్యం గిన్నెలు వరుస కట్టాయంటే సంక్రాంతి దగ్గర పడిందని లెక్క.

దంపే పనిని మర తీసుకుంది. పొయ్యి ఊదే పనిని గ్యాసు తీసుకుంది. అయినా అరిసెల పనిలో ఏ యంత్రమూ తీసుకోలేని ఘట్టం ఒకటి మిగిలిపోయింది. అది పాకం దించే వేళ. ఆ కాసేపటికి ఇంట్లో ఉన్న ఒక్క మనిషి చాలదు. పాకం చూసేవారు ఒకరు, పిండి పోసేవారు ఒకరు, తెడ్డు తిప్పేవారు ఒకరు, అరిసె తట్టేవారు ఇద్దరు, మూకుడు దగ్గర ఒకరు ఉండాలి. జంతికలు ఒక్కరే కూర్చుని చేసుకోవచ్చు. సున్నుండలు ఒక్కరే చుట్టుకోవచ్చు. అరిసెకు మాత్రం ఇరుగు పొరుగు వచ్చి కూర్చోవలసిందే. డెల్టా పల్లెల్లో సంక్రాంతి వంటల సందడి వెనుక ఉన్న అసలు సంగతి ఇదే.

"రేపు మా ఇంట్లో పాకం"

సార్వా కోతలు అయి, కుప్ప నూర్పులు పూర్తయి, కొత్త ధాన్యం ఇంటికి చేరేది మార్గశిర, పుష్య మాసాల్లోనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత ఈ ప్రాంతం వరి సీమగా మారింది. చేతిలో బియ్యం ఉన్నప్పుడు, పొలంలో పని కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, చలి గాలి వీస్తున్నప్పుడు వచ్చే పండుగ సంక్రాంతి. బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు కలిసిన అరిసె ఆ పండుగకు పెద్ద వంట కావడంలో ఆశ్చర్యం లేదు.

భోగికి పది పదిహేను రోజుల ముందు నుంచే వీధిలో మాటలు నడుస్తాయి. "వదినా, రేపు మా ఇంట్లో పాకం. తెల్లారేసరికి రావాలి" అని ఒకరు కేక వేస్తారు. "అలాగే అక్కా. ఎల్లుండి మాకు పెట్టుకుందాం, నువ్వూ పిన్నిగారూ రావాలి మరి" అని గోడ అవతలి నుంచి జవాబు వస్తుంది. ఇలా ఎవరి ఇంట్లో ఏ రోజో వంతులు కుదిరిపోతాయి. ఒకే వీధిలో రెండు ఇళ్లు ఒకే పూట పాకం పెట్టుకోకుండా చూసుకుంటారు. కారణం స్పష్టమే. చేతులు అవే, పాకం తెలిసిన మనిషీ ఆమే.

వ్యవసాయంలో బదులు పని తెలిసిన రైతు కుటుంబాలకు ఇది కొత్త కాదు. నాట్లకు నీవు వస్తే నూర్పుకు నేను వస్తానన్న పద్ధతే వంటింట్లోనూ నడిచింది. పొలంలో బదులు పనిని కూలీ, ట్రాక్టరు, కోత యంత్రం చాలా వరకు తుడిచివేశాయి. పాకం పొయ్యి దగ్గర మాత్రం అది ఇంకా బతికి ఉంది.

బియ్యం తడిసిన నాటి నుంచి

అరిసెల పని పాకంతో మొదలు కాదు. ముందు రోజు బియ్యం నానబోయడంతో మొదలవుతుంది. కనీసం ఒక రాత్రి నానాలి. కొందరు రాత్రీ పగలూ నానబెట్టి, మధ్యలో నీళ్లు మారుస్తారు. తరువాత నీరు ఓడ్చి, గుడ్డ మీద నీడపట్టున కాసేపు పరుస్తారు. పైతడి పోవాలి గాని బియ్యం ఆరిపోకూడదు. పిండి అయిన తరువాత గుప్పిట పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి. అదే పరీక్ష.

పొడిపిండితో అరిసెలు ఎందుకు కుదరవన్నది చాలామంది కొత్త కోడళ్లకు వచ్చే సందేహం. పొడిపిండి పాకంలోని తేమనంతా ఒక్కసారిగా లాగేస్తుంది. దానితో ముద్ద బిగిసిపోయి, అరిసె చెక్కలా తయారవుతుంది. తడిపిండి పాకంతో నెమ్మదిగా, సమంగా కలుస్తుంది. అందుకే జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచుతారు.

మర పట్టించేవారు మరో రెండు జాగ్రత్తలు తీసుకుంటారు. మిరపకాయలు పట్టిన మరలో ఆ వెంటనే అరిసెల బియ్యం పోయించరు. మర వేడికి పిండి తడి కొంత ఆరుతుంది కాబట్టి, పట్టించిన పిండిని ఇంటికి తెచ్చి నిలవ ఉంచకుండా ఆ పూటే పాకం పెట్టుకుంటారు. రోట్లో దంచిన పిండికి ఈ చిక్కు లేదు. కాని దంచడానికి ఓపిక, ఎదురు పోటు వేయడానికి మరొక మనిషి కావాలి. అక్కడ కూడా ఒక్క చెయ్యి చాలదన్నమాట.

ఇక బెల్లం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి ఉత్తరాన ఎంతో దూరం లేదు. కనుక ఈ ప్రాంతానికి బెల్లం కొరత ఎన్నడూ లేదు. కాని ఏ బెల్లం కొనాలన్నదే ప్రశ్న. తళతళ మెరిసే పసుపుపచ్చ బెల్లం చూసి మోసపోవద్దని పెద్దవాళ్లు చెబుతారు. ఆ రంగు రావడానికి తయారీలో హైడ్రోస్ అనే రసాయనం వేసే అలవాటు ఉంది. ముదురు రంగు బెల్లం చూపుకు నదురుగా ఉండకపోయినా పాకానికి నమ్మకమైనదని వారి అనుభవం.

కొలత మాటకొస్తే, కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అటూ ఇటూగా పడుతుంది. కిలోల లెక్క వచ్చి అరవై ఏళ్లు దాటినా, పాత ఇల్లాళ్లు ఇప్పటికీ మానికలు, కుంచాలలోనే చెబుతారు. "కుంచెడు బియ్యానికి ఇంత బెల్లం" అంటారే గాని, ఆ "ఇంత" ఎంతో కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు. అది చూపులో ఉంటుంది.

పాకం ఆగదు

నలగగొట్టిన బెల్లంలో కొద్దిగా నీరు పోసి కరిగిస్తారు. కరిగిన తరువాత వడకట్టి, ఇసుక, చెత్త తీసివేసి మళ్లీ పొయ్యి మీద పెడతారు. మొదట పెద్ద బుడగలు వస్తాయి. తరువాత నురుగు చిక్కబడుతుంది. ఇక్కడి నుంచి పాకం చూసే ఆమె కళ్లు పక్కకు తిరగవు. పక్కన పళ్లెంలో చన్నీళ్లు ఉంటాయి. గరిటెతో చుక్క తీసి ఆ నీళ్లలో వేస్తుంది. కరిగిపోతే పాకం ఇంకా రాలేదు. తీగలా సాగితే దగ్గరకు వస్తోంది. వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ కట్టి, ఎత్తి పట్టుకుంటే చేతిలో నెమ్మదిగా సాగితే, అదే ఉండ పాకం. అదే అరిసె పాకం. ఉండ గట్టిపడి పళ్లెం మీద కొడితే ఖంగుమన్నదా, అరిసె చేజారినట్టే.

పంచదార పాకాల శాస్త్రం ప్రకారం ఈ మెత్తని ఉండ పాకం దాదాపు 112 నుంచి 116 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య వస్తుంది. 118 దాటితే గట్టి ఉండ. అంటే మంచి అరిసెకు, రాయి లాంటి అరిసెకు మధ్య తేడా కొద్ది డిగ్రీలే. ఉష్ణమాపకం ఎరుగని చేతులు ఆ తేడాను చన్నీళ్ల పళ్లెంతో తరతరాలుగా పట్టుకుంటున్నాయి.

పాకం వచ్చిందనగానే ఇల్లంతా కదులుతుంది. గిన్నె దించగానే యాలకుల పొడి, నెయ్యి, వేయించిన నువ్వులు పడతాయి. కొందరు గసగసాలు వేస్తారు, కొందరు కొబ్బరి ముక్కలు వేస్తారు. ఒకరు పిండిని కొద్దికొద్దిగా జారవిడుస్తూ ఉంటే మరొకరు ఉండ కట్టకుండా తెడ్డు తిప్పుతారు. ఎంత పిండి పోయాలో ముందుగా చెప్పలేరు. పాకం ఎంత పడితే అంత. పిండి పడే కొద్దీ తెడ్డు బరువెక్కుతుంది. పెద్ద వాయి అయితే ఈ ఘట్టంలో అరుగు మీద కూర్చున్న మగవాళ్లను కేక వేయడం పరిపాటి. ఇలా తయారైన ముద్దనే పాకం చలిమిడి అంటారు.

ఈ పని అంతా నిమిషాల్లో జరిగిపోవాలి. పాకం ఎవరి కోసమూ ఆగదు. పిండి డబ్బా మూత రాకపోయినా, నెయ్యి గిన్నె ఎక్కడుందో వెతుక్కున్నా, చంటిబిడ్డ ఏడ్చినా గిన్నెలో పాకం ముదురుతూనే ఉంటుంది. ఒంటరిగా పాకం పెట్టిన ఇల్లాలికి ఈ కష్టం బాగా తెలుసు.

తలో చెయ్యి

చలిమిడి వేడిగా ఉండగానే తట్టడం మొదలవుతుంది. ఒకరు సమంగా ఉండలు చేసి అందిస్తారు. ఇద్దరు నూనె రాసిన అరటాకు మీద వేళ్లతో గుండ్రంగా తట్టుతారు. అంచు పలచబడితే మాడుతుంది, నడుమ మందమైతే ఉడకదు. పొయ్యి దగ్గర కూర్చున్న ఆమె దాన్ని ఆకు మీద నుంచి చేతిలోకి జార్చుకుని కాగిన నూనెలో వదులుతుంది. అరిసె అడుగుకు పోయి, పైకి తేలి, పొంగుతుంది. రెండు వైపులా ఎర్రబారగానే తీయాలి. నల్లబడితే చేదు వస్తుంది.

తీసిన అరిసెను రెండు చిల్లుల గరిటెల మధ్యగాని, అరిసెల చెక్కల మధ్యగాని పెట్టి నొక్కుతారు. నూనె ధారగా మూకుడులోకి దిగుతుంది. ఇదీ ప్రత్యేకంగా ఒకరు చూసుకోవలసిన పనే. సరిగా నొక్కని అరిసె నాలుగు రోజులకే కనరు వాసన వేస్తుంది. తరువాత కొన్ని ఇళ్లలో శుభ్రమైన వరిగడ్డి మీద, మరికొన్ని ఇళ్లలో చేటలో కాగితం పరిచి దానిపై ఆరబెడతారు. పూర్తిగా చల్లారిన తరువాతే డబ్బాకు ఎక్కిస్తారు. నీరు తక్కువ, తీపి ఎక్కువ ఉన్న పదార్థం కనుక వారాల తరబడి చెడదు. సెలవుకు వచ్చిన పిల్లలు ఊరు దాటేటప్పుడు సంచిలో అరిసెల డబ్బా పెట్టి పంపడానికి వీలవుతున్నది ఈ గుణం వల్లనే.

మొదటి వాయి ఎప్పుడూ పరీక్షే. అందులో ఒకటి దేవుడికని పక్కన పెట్టి, రెండోది అందరూ తుంచుకుని నోట్లో వేసుకుంటారు. నూనెలో పడగానే అరిసె విచ్చిపోయిందా, పాకం లేతగా దించారని తీర్పు. అప్పుడు మిగతా చలిమిడిలో మరికాస్త పిండి కలిపి సరిదిద్దుతారు. చలిమిడి బిర్రబిగిసిందా, పాకం ముదిరిందని తీర్పు. అప్పుడు వేడిపాలు చిలకరించి, నెయ్యి వేసి మర్దిస్తారు. అప్పటికీ దారికి రాకపోతే చిన్న ఉండలు చుట్టి పాకుండలు చేసేస్తారు. చెడిన వంట అంటూ లేదు, పేరు మారిన వంటే ఉందని ఆ వేళ నవ్వులు పడతాయి. తప్పు ఎవరిదన్న విచారణ మాత్రం పండుగ దాటినా సాగుతుంది.

ఖాతా లేని బాకీ

ఈ పనికి కూలీ లేదు. సాయం వచ్చిన ప్రతి ఇంటికీ పది అరిసెలో, పదిహేనో ఆకులో చుట్టి పంపుతారు. అది కూలీ కాదు. తిరిగి ఆ ఇంట్లో పాకం పెట్టినప్పుడు ఈ ఇంటికి వస్తాయి. కలిపి లెక్క వేస్తే ఇచ్చినవీ పుచ్చుకున్నవీ దాదాపు ఒకటే. అలాంటప్పుడు ఇచ్చిపుచ్చుకోవడం ఎందుకని కొత్తవాళ్లు అడుగుతారు. రుచి తేడా తెలుస్తుంది కదా అన్నది పైకి చెప్పే జవాబు. అసలు సంగతి వేరు. ఆ పళ్లెం ఇటూ అటూ నడిచినంత కాలం ఆ రెండు ఇళ్ల మధ్య తలుపు తెరిచి ఉన్నట్టు. ఏడాదిలో ఎప్పుడో కాలువ నీటి దగ్గరో, సరిహద్దు దగ్గరో మాటామాటా వచ్చి మాటలు మానుకున్న ఇళ్లు కూడా పాకం వేళకు మెత్తబడిన సందర్భాలు పల్లెల్లో కద్దు. పిలవకపోతే తప్పు పిలవని వారిది, పిలిచాక రాకపోతే తప్పు రానివారిది.

బిడ్డ పుట్టిన ఇంట కూడా ఇదే వరస. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు అని ఆనవాయితీ. బిడ్డ తొలి అడుగులకు అరిసెలు వండి వీధిలో పంచుతారు. ఆడపిల్లను అత్తవారింటికి పంపే సారెలో చలిమిడి, అరిసెలు ఉండి తీరాలి. సారె అరిసెలు ఇంటి ఆడవాళ్లు మాత్రమే చేసి పంపితే ఆ ఇంటికి చుట్టూ మనుషులు లేరా అని అడిగే రోజులు ఉండేవి.

తెలంగాణ పల్లెల్లో సంక్రాంతికి చేసే సకినాలదీ ఇదే తీరు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పరచిన గుడ్డ మీద చేత్తో వరుసలుగా చుట్లు తిప్పడానికి వాడకట్టు ఆడవాళ్లంతా చేరతారు. ఒడిశాలో అరిసె పిఠా, తమిళనాట అధిరసం, కన్నడనాట కజ్జాయ, గఢ్వాల్ కొండల్లో అర్సా అన్నీ ఈ తడిపిండి, బెల్లపు పాకం కుటుంబంలోనివే. పేరు మారినా పదిమంది చేతులు కలిసే అలవాటు చాలా చోట్ల మారలేదు.

మూకుడు పెట్టని ఇల్లు

ప్రతి వీధిలోనూ ఏటా ఒకటో రెండో ఇళ్లకు పండుగ ఉండదు. ఇంట్లో మనిషి పోయిన ఏడాది మూకుడు పెట్టకూడదని ఆచారం. ఆ ఇంట పిండివంట వండరు, ముగ్గు కూడా పెద్దగా పెట్టరు. అలాంటి ఇంటికి ఇరుగు పొరుగు అరిసెలు పంపుతారు. పిల్లలున్న ఇల్లయితే మరీ తప్పనిసరిగా పంపుతారు. పళ్లెం ఇచ్చేటప్పుడు పండుగ మాట ఎత్తరు. "పిల్లలు తింటారని తెచ్చాను వదినా" అని మాత్రమే అంటారు. ఆ ఇంటి నుంచి ఆ ఏడు తిరుగు పళ్లెం రాదు. రావాలని ఎవరూ ఎదురుచూడరు.

అరిసె ఇచ్చిపుచ్చుకోవడం ఒట్టి వేడుక కాదనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కర్లేదు. పండుగ లేని ఇల్లు ఏదో వీధికి గుర్తుండాలి. వీధికి గుర్తుండాలంటే నలుగురూ ఒకచోట కూర్చుని, ఈ ఏడు ఎవరింట్లో పాకం, ఎవరింట్లో లేదు అని అనుకోవాలి. ఆ మాట వచ్చే చోటు పాకం పొయ్యి.

నాటి కట్టుబాట్లు

పాత రోజులన్నీ మంచివేనని చెప్పడం కూడా నిజం కాదు. ఎవరి పాకం పొయ్యి దగ్గర ఎవరు కూర్చోవాలన్న దానికి గట్టి కట్టుబాట్లు ఉండేవి. బదులు పని సాధారణంగా ఒకే కులం వారి మధ్య, బంధువుల మధ్య నడిచేది. పెద్ద రైతుల ఇళ్లలో బస్తాల కొద్దీ బియ్యం దంచింది పాలేర్ల ఇళ్ల ఆడవాళ్లు. వారికి గింజలో, నూకలో కొలిచి ఇచ్చేవారు. అరిసెలు కూడా పెట్టేవారు. అయితే పెరటి గుమ్మం దగ్గర పెట్టేవారు. దంచిన చేతికి మూకుడు దగ్గర చోటు ఉండేది కాదు. కొందరి ఇళ్లలో పండుగ నాటికి బెల్లం కొనే స్తోమతు కూడా ఉండేది కాదు.

ఆడవాళ్ల శ్రమ మాటా చెప్పుకోవాలి. పొగ చూరిన వంటింట్లో, వేడినూనె ముందు రోజుల తరబడి కూర్చుని, నడుము పడిపోయినా లేవకుండా చేసిన పని అది. అల్లుడు వచ్చి "తంతే బూరెల బుట్టలో పడ్డట్టు" కూర్చుంటే, అత్తగారు ఆ బుట్ట నింపడానికి వారం రోజులు నిద్ర కాచేది. మర వచ్చిందని, గ్యాసు వచ్చిందని ఏ ఇల్లాలూ బాధపడలేదు. బాధపడవలసిన అవసరమూ లేదు.

మార్పు కొంత మంచికే జరిగింది. 1982లో మొదలైన డ్వాక్రా పథకం, ఆ తరువాత 1990లలో ఊరూరా పెరిగిన పొదుపు సంఘాలు వేర్వేరు వీధుల ఆడవాళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టాయి. నెలనెలా కలిసి లెక్కలు చూసుకునేవారికి కలిసి పాకం పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఆ చాప పొయ్యి దాకా జరిగిన చోట అరిసెకు కొత్త బలం వచ్చింది. జరగని చోట్లు ఇంకా చాలా ఉన్నాయి.

అంగట్లో అరిసె

ఇప్పుడు అరిసె పండుగ కోసం ఆగడం లేదు. మిఠాయి అంగట్లో ఏడాది పొడవునా దొరుకుతుంది. చిన్న పట్నాల్లో ఇంటి వంటల దుకాణాలు వెలిశాయి. అక్కడి నుంచి హైదరాబాదుకు, అమెరికాకు కూడా పెట్టెలు వెళుతున్నాయి. దీనిని తప్పు పట్టనక్కర్లేదు. ఇంట్లో కూలీ లేకుండా చేసిన పనికి అక్కడ ఆడవాళ్లకు కూలీ దొరుకుతోంది. కోనసీమ జిల్లా ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. కుండ మీద రేకు తీసేవారు ఒకరు, చుట్టేవారు ఒకరుగా సాగే ఆ పని ఎన్నో కుటుంబాలకు తిండి పెడుతోంది. ఇంటి వంట బతుకుతెరువు కావడం గౌరవమే.

కాని దుకాణం చేయలేని పనులు రెండు ఉన్నాయి. ఒకటి, మూకుడు పెట్టని ఇల్లు ఏదో దుకాణానికి తెలియదు. రెండు, కొనుక్కున్న అరిసెతో పాకం నేర్చుకోవడం కుదరదు.

ఈ రెండో సంగతి మీదే ఇప్పుడు పల్లెల్లో బెంగ కనిపిస్తోంది. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిపోయారు. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఇద్దరే మిగిలారు. ఇద్దరికి కిలో బియ్యం అరిసెలు ఎక్కువ. ఒక్క మనిషి చేతికి కిలో బియ్యం పాకం కూడా కష్టమే. పైగా ఒంట్లో చక్కెర వ్యాధి. అరిసె ఆరు నెలల రోగం బయటపెడుతుందన్న సామెత ఎలాగూ ఉంది. దానితో "ఈ ఏడు వద్దులే, అరకిలో కొనుక్కుందాం" అన్న మాట సులువుగా వస్తుంది. ఒక ఏడు మానేస్తే రెండో ఏడు బద్ధకిస్తుంది. మూడో ఏటికి పాకం చూసే చేయి అలవాటు తప్పుతుంది.

దీనికి విరుగుడు కూడా పాత పద్ధతిలోనే ఉంది. నాలుగైదు ఇళ్లు కలిసి ఒకే పొయ్యి పెట్టుకుంటే ఏ ఇంటికీ భారం ఉండదు. బియ్యం ఎవరివి వారు తెచ్చుకుంటారు. బెల్లం, నూనె ఖర్చు పంచుకుంటారు. ఒక పూటలో పని తెములుతుంది. తలా పాతికో ముప్పయ్యో పట్టుకుని వెళతారు. తినకూడని వారు తినకపోయినా తట్టడానికి వస్తారు. ఈ పద్ధతికి దిగిన వీధుల్లో అరిసెల పని ఆగలేదు.

చేయి మారాలి

పాకం చూడటం నోటితో చెబితే వచ్చేది కాదు. ఉండ మెత్తగా ఉండాలి అంటారు. ఎంత మెత్తగా అంటే చెప్పలేరు. ఇదిగో ఇలా అని చన్నీళ్ల పళ్లెంలో నుంచి తీసి, పక్కన కూర్చున్న పిల్ల వేళ్ల మధ్య పెడతారు. ఆ పిల్ల దాన్ని నొక్కి చూస్తుంది. అప్పుడే చదువు మొదలైనట్టు. సెల్‌ఫోనులో వంట చూపే వీడియోలు వచ్చాయి, మంచిదే. కొలతలు తెలుస్తాయి. కాని ఆ ఉండ వేళ్లకు తగలదు.

అందుకే కొందరు పెద్దమ్మలు ఈ మధ్య ఒక కొత్త అలవాటు చేసుకున్నారు. సెలవులకు వచ్చిన మనుమరాళ్ల కోసం, మనుమల కోసం ఒక వాయి పాకం అట్టేపెట్టి ఉంచుతారు. భోగి ముందు రోజు వాళ్లను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, చన్నీళ్ల పళ్లెం వారి చేతికే ఇస్తారు. ఆ వాయి చెడినా ఫరవాలేదనుకునే ఇస్తారు. చెడితే పాకుండలు ఎలాగూ ఉన్నాయి.

ఆ వాయి అరిసెలు సమంగా రావు. ఒకటి వంకరగా, ఒకటి మందంగా ఉంటాయి. అయినా వాటిని కూడా నొక్కి, ఆరబెట్టి, పళ్లెంలో సర్దుతారు. ఆ పళ్లెం ఎవరింటికి వెళ్లాలో మాత్రం పిల్లలకు తెలియదు. పెద్దామె గుమ్మంలో నిలబడి, ఈ ఏడు వీధిలో మూకుడు పెట్టని ఇల్లు ఏదో వేలితో చూపిస్తుంది. పాకంతో పాటు వాళ్లు నేర్చుకోవలసిన రెండో పాఠం అదే.